కలరా క్రిమి సంకేతాన్ని ఆపకూడదు, పెంచాలి

బాక్టీరియా రసాయన సంకేతాల ద్వారా ఒకదాని ఉనికిని మరొకటి పసిగడతాయని, ఆ సంకేతాలను అడ్డుకునే మందు దొరికితే యాంటీబయాటిక్‌లకు లొంగని రోగాల బెడద తీరిపోతుందని చెప్పే వ్యాసాలను తరచుగా చదువుతున్నాను. అవి రాసేవారి ఉద్దేశం మంచిదే. ఇంత లోతైన విషయాన్ని పదిమందికీ చేరవేస్తున్నందుకు వారిని అభినందించాలి కూడా. అయితే సంకేతం అందితే రోగం, సంకేతం ఆగితే ఆరోగ్యం అన్న సూత్రాన్ని అన్ని క్రిములకూ ఒకే రీతిగా అంటగట్టడం తప్పని నా గట్టి అభిప్రాయం. మన ఉపఖండానికి తరతరాలుగా తెలిసిన కలరా క్రిమి విషయంలో ఆ సూత్రం పూర్తిగా తలకిందులవుతుంది.

ఈ పరిశోధన మొదలైనది రోగాలతో కాదు, సముద్రంలో వెలుగు చిమ్మే బాక్టీరియాతో. అవి పలుచగా ఉన్నప్పుడు వెలగవని, తాము విడుదల చేసిన పదార్థం చుట్టూ తగినంత పేరుకున్నాకే వెలుగుతాయని 1970లో నీల్సన్, ప్లాట్, హేస్టింగ్స్ అనే శాస్త్రవేత్తలు చూపించారు. ఈ ప్రక్రియకు కోరం సెన్సింగ్ అనే పేరు 1994లో వచ్చింది. ప్రతి కణమూ ఒక చిన్న అణువును బయటకు వదులుతూ ఉంటుంది. కణాలు కొద్దిగా ఉంటే ఆ అణువు చెదిరిపోతుంది. గుంపు పెరిగితే దాని గాఢత ఒక హద్దు దాటుతుంది, అప్పుడు కణాలన్నీ దాదాపు ఒకేసారి తమ జన్యువుల పనితీరును మార్చుకుంటాయి. కాలిన గాయాలలోను, సిస్టిక్ ఫైబ్రోసిస్ రోగుల ఊపిరితిత్తులలోను చేరే సూడోమోనాస్ ఎరుజినోసా ఇలా గుంపు కూడాకే తన విషపదార్థాలలో చాలావాటిని తయారుచేస్తుంది. కొద్దిమందిగా ఉన్నప్పుడే దాడికి దిగితే శరీర రక్షణ వ్యవస్థ మేల్కొని వాటిని తుడిచిపెట్టేస్తుంది కనుక ఈ పద్ధతి దానికి లాభిస్తుంది. వ్యాసాలన్నీ చెప్పేది ఈ ఉదాహరణనే, ఆ మేరకు అవి చెప్పేది సరైనదే.

కలరాను కలిగించే విబ్రియో కలరే నడిచే దారి వేరు. కలుషితమైన నీటితో పేగులోకి చేరిన కొద్దిపాటి కణాలకు చుట్టూ సంకేతం దాదాపు ఉండదు. సంకేతాన్ని పట్టుకోవడానికి కణంలో గ్రాహకాలు అనే ప్రోటీన్లు ఉంటాయి. సంకేతం అందని ఆ గ్రాహకాలు ఆ స్థితిలో ఊరుకోవు. అవి లోపలికి ఫాస్ఫేట్‌ను అందిస్తూ, లక్స్‌ఓ అనే ప్రోటీన్‌ను చురుకుగా ఉంచుతాయి. దాని ఆజ్ఞతో తయారయ్యే చిన్న ఆర్‌ఎన్‌ఏలు హ్యాప్‌ఆర్ అనే నియంత్రక ప్రోటీన్ పుట్టకుండా అడ్డుపడతాయి. హ్యాప్‌ఆర్ లేనంతకాలం క్రిమి పేగు గోడ మీద స్థిరపడడానికి కావలసిన నూగు పోగులను, కలరా విషాన్ని ధారాళంగా తయారుచేస్తుంది, కణాలను కలిపి ఉంచే బయోఫిల్మ్ అనే జిగురు పొరను కూడా అల్లుకుంటుంది. అంటే ఒంటరిగా ఉన్నప్పుడే అది ఎక్కువ ప్రమాదకరం.

రోగి పేగులో క్రిములు కోట్లకు చేరాక సిఏఐ-1, ఏఐ-2 అనే సంకేత అణువులు పేరుకుంటాయి. గ్రాహకాలు ఇప్పుడు ఫాస్ఫేట్‌ను వెనక్కి లాగుతాయి, హ్యాప్‌ఆర్ పుడుతుంది, విషం తయారీ తగ్గుతుంది, పేగు గోడ నుంచి విడివడడానికి తోడ్పడే ఎంజైమ్ తయారవుతుంది. గంజినీళ్ళలాంటి విరేచనాలతో కోట్లాది కణాలు బయటపడి తరువాతి మనిషిని వెతుక్కుంటూ పోతాయి. ఇక్కడ ఆ సంకేతం బయలుదేరే వేళయిందని తెలిపే గంట వంటిది. సంకేతాన్ని అడ్డుకునే మందును ఈ క్రిమి మీద ప్రయోగిస్తే ఏమవుతుందో ఆలోచించండి: గుంపుగా ఉన్న క్రిములు కూడా తాము ఒంటరిగా ఉన్నామనుకుని విషాన్ని తయారుచేస్తూనే ఉంటాయి.

అందుకే ఇక్కడ వైద్యం ఆలోచన సంకేతాన్ని పెంచే దిశలో సాగాలి. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో, తోటివారంతా విరేచనాలతో బాధపడుతున్నా తనకు ఏమీ కాని ఒక జర్మన్ సైనికుని పేగునుంచి ఆల్ఫ్రెడ్ నిస్లే అనే వైద్యుడు వేరుచేసిన, హానిలేని ఈ.కోలై అనే పేగు బాక్టీరియా రకం ఒకటి ఉంది. 2010లో అమెరికాలో శాస్త్రవేత్తలు ఆ రకం చేత సిఏఐ-1ను తయారుచేయించి, దానిని ముందుగా పిల్ల ఎలుకలకు ఇచ్చి, తరువాత కలరా క్రిమిని ఎక్కించారు. ముందే సంకేతం అందుకున్న ఎలుక పిల్లలు మిగతావాటికంటే చాలా ఎక్కువగా బతికాయి. 2014లో బంగ్లాదేశ్ రోగుల పేగులలోని బాక్టీరియాను పరిశీలించిన మరో బృందం, కోలుకునే దశలో పెరిగే రూమినోకోకస్ ఓబియం అనే బాక్టీరియా తాను విడుదల చేసే ఏఐ-2తో కలరా క్రిమి స్థిరపడడాన్ని తగ్గించగలదని ఎలుకలలో చూపించింది. మన పేగులో నివసించే పొరుగు క్రిములే ఆ సంకేతాన్ని అందిస్తున్నాయన్నమాట. జలుబుకూ జ్వరానికీ మందుల దుకాణంలో అడిగి యాంటీబయాటిక్ వేసుకునే అలవాటు ఈ పొరుగు క్రిములను కూడా దెబ్బతీస్తుంది. ఆ నష్టం గురించి మనవాళ్ళు దాదాపు మాట్లాడరు, అది నన్ను బాధిస్తుంది.

కలరా ఒక్కటే మినహాయింపు అనుకునేవారికి స్టాఫైలోకోకస్ ఆరియస్‌ను చూపిస్తాను. చర్మం మీద చీముగడ్డలు మొదలుకొని గుండె కవాటాల దాకా పాకే ఈ క్రిమికి ఏజీఆర్ అనే సంకేత వ్యవస్థ ఉంది. అది పనిచేసినప్పుడు కణజాలాన్ని ధ్వంసం చేసే విషాలు పెరుగుతాయి. కాబట్టి తొలిదశలో దాన్ని ఆపడం మేలే అనిపిస్తుంది. అయితే అదే వ్యవస్థ బయోఫిల్మ్‌నుంచి కణాలు విడివడడానికి కూడా తోడ్పడుతుంది. అది పనిచేయని రకాలు శరీరంలో అమర్చిన పరికరాల మీద మందంగా పేరుకోగలవు. రక్తంలో రోజుల తరబడి తగ్గని ఇన్‌ఫెక్షన్లతో ఏజీఆర్ పనిచేయని రకాలకు సంబంధం ఉన్నట్లు వైద్యులు గమనించారు. దీర్ఘకాలం ఊపిరితిత్తులలో తిష్ఠ వేసిన సూడోమోనాస్‌లో కూడా ప్రధాన సంకేత గ్రాహకం చెడిపోయిన రకాలు తరచుగా కనిపిస్తాయి. అంటే సంకేతాన్ని అడ్డుకునే మందుకు లక్ష్యమైన గ్రాహకాన్ని క్రిమి తానే వదులుకుని కూడా బతికేస్తోంది.

క్రిమిని చంపకుండా రోగిని కాపాడడం మనకు కొత్త ఆలోచన కాదు. కలరా లక్షణాలకు మూలం క్రిమి విడుదల చేసే విషమని 1959లో కలకత్తాలో శంభునాథ్ డే నిరూపించారు. 1971లో పశ్చిమ బెంగాల్‌లోని బనగావ్ శరణార్థి శిబిరంలో వైద్యుడు దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజ్ కలిపిన నీటిని డ్రమ్ములలో నింపి రోగులకు తాగించినప్పుడు, 30 శాతం దాకా ఉన్న మరణాలు 4 శాతం లోపుకు దిగాయి. ఆ ద్రావణం ఒక్క క్రిమిని కూడా చంపదు.

సంకేతం మీద ఆధారపడే వైద్యానికి ఒక కఠినమైన పరిమితి ఉందన్నది నిజం. రోగి ఆసుపత్రికి చేరేసరికి విషం తన పని చేసేసి ఉంటుంది, క్రిములు అప్పటికే గుంపుగా బయలుదేరుతుంటాయి; ఆ దశలో సిఏఐ-1 ఇచ్చినా పెద్దగా మిగిలేది ఉండదు, ఓఆర్‌ఎస్‌తో నీటిని భర్తీ చేయడమే ప్రాణాధారం. సంకేతం ముందుగా అందించడం వల్ల మేలు పొందగలిగేవారు అదే ఇంట్లో అదే బిందెలోని నీళ్ళు తాగుతూ ఇంకా జబ్బు పడని పిల్లలు, వాళ్ళ అవ్వాతాతలు. కాబట్టి ఈ పరిశోధన మందుబిళ్ళగా కాక, వ్యాప్తి మొదలైన ఊళ్ళో ఇంటింటికీ ముందుగా ఇచ్చే పెరుగులాంటి ఆహారంగానో, తాగే పొడిగానో రూపొందాలని కోరుకుంటున్నాను. ధనిక దేశాలలో కలరా లేదు గనుక అక్కడి కంపెనీలకు దీనిపై పెద్ద ఆసక్తి ఉండదు. దీనికి డబ్బు పెట్టవలసినది, మనుషుల మీద పరీక్షలను జాగ్రత్తగా నడపవలసినది కలరాతో ఇంకా సతమతమవుతున్న భారత్, బంగ్లాదేశ్ ప్రభుత్వాలే.