శిబిరం నుంచి వచ్చిన ఉత్తరాలు ఎవరికీ పట్టవా?

జనవరి 15న సైనిక దినోత్సవం రాగానే మన టీవీల్లో, ఫోన్లలో ఒకే రకం ఉత్తరం తిరుగుతుంది. ఈ ఉత్తరం మీకు చేరేసరికి నేను ఉండను అనే ధోరణిలో సాగే ఆఖరి ఉత్తరం. వెనుక వేణువు, తెర మీద జెండా. వాటిలో కొన్ని నిజంగా ప్రాణాలిచ్చిన వాళ్ళు రాసినవే; వాటికి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాల్సిందే. కొన్ని మాత్రం ఎవరో తీరిగ్గా కూర్చుని వండినవి. నా పేచీ ఆ వంటవాళ్ళతో కూడా కాదు. సైనికుడి ఉత్తరం అంటే చావు కబురో, శపథమో ఉండి తీరాలని, అవి లేని ఉత్తరం చిత్తుకాగితమేనని మనం తీర్మానించుకున్నాం చూడండి, దానితో.

రెండు ప్రపంచ యుద్ధాల సంగతి పాఠకులకు తెలిసిందే. మొదటిదానికి మన దేశం దాదాపు 13 లక్షల మందిని పంపింది. రెండోది ముగిసేనాటికి భారత సైన్యం బలం 25 లక్షలు. వీరిలో సముద్రం దాటిన వాళ్ళు చాలామంది, తుపాకీ మోత వినక ముందు నెలల తరబడి పరాయి దేశపు శిబిరాల్లో గడిపారు. ఈజిప్టు ఇసుకలో, ఇరాక్ ఎండలో కవాతు చేశారు, మోటారు నడపడం నేర్చుకున్నారు, వంతెనలు కట్టి మళ్ళీ విప్పారు. చేతినిండా పని ఉన్నా సాయంత్రాలు ఖాళీ. ఆ ఖాళీలో ఇంటికి రాశారు. ఆ శిబిరం ఉత్తరాలే 1940ల నాటి తెలుగు ఇంటి చరిత్రకు మనకు మిగిలిన మొదటి తరగతి సాక్ష్యమని, రణరంగం నుంచి వచ్చిన ఉత్తరాలు వాటి ముందు వెలవెలబోతాయని నా వాదన.

రణరంగం నుంచి సైనికుడు ఏం రాయగలిగేవాడో ఒకసారి చూడండి. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైన్యం అచ్చు వేయించిన ఫీల్డ్ సర్వీస్ పోస్టుకార్డు ఒకటి ఉండేది. నేను క్షేమం, నన్ను ఆసుపత్రిలో చేర్చారు, మీ ఉత్తరం అందింది అంటూ వాక్యాలు ముందే అచ్చయి ఉంటాయి. సైనికుడు చేయవలసిందల్లా అక్కర్లేని వాటిని కొట్టేసి, తేదీ వేసి, సంతకం పెట్టడమే. సొంతంగా ఒక్క మాట చేర్చినా కార్డును చింపి పారేస్తామని దాని మీదే రాసి ఉండేది. మనిషి బతికే ఉన్నాడన్న రసీదు అది. తల్లికి అంతకు మించిన కబురు అక్కర్లేదు, నిజమే. చరిత్ర రాసేవాడికి మాత్రం అందులో ఏమీ లేదు.

ఇక శిబిరం ఉత్తరం. బెంగుళూరులో హలసూరు చెరువు ఒడ్డున మద్రాస్ ఇంజినీర్ గ్రూపు కేంద్రం ఉంది. 1780లో మొదలైన మద్రాస్ సాపర్ల దళానికి, అంటే సైన్యానికి దారులు, వంతెనలు వేసిపెట్టే దళానికి, వారసులు వాళ్ళు. ముళ్ళకంచెలను పేల్చి దారి చేసే గొట్టం బాంబును 1912లో ఇక్కడే తయారు చేశారు, ప్రపంచం దాన్ని ఇప్పటికీ బెంగుళూరు టార్పెడో అనే పిలుస్తుంది. ఆ దళంలో చేరి, యుద్ధం అయ్యాక ఊరికి పోకుండా ఈ చుట్టుపక్కలే స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఉన్నాయి. అలాంటి ఒక ఇంట్లో, మిత్రుడి తాతగారు విశాఖపట్నం జిల్లాలోని తమ పల్లెకు ఈజిప్టు నుంచి రాసిన ఉత్తరాలను నేను చూశాను. రేకు పెట్టెలో, పెళ్ళి శుభలేఖల కింద, పొలం కాగితాలతో కలిపి దారంతో కట్టి ఉన్నాయి.

1942 నాటి ఒక ఉత్తరం చెబుతాను. పల్చటి కాగితం, పెన్సిలు రాత. ఊరి పేరు ఉండాల్సిన చోట నల్ల సిరా పూసి ఉంది, మూలన సెన్సారు ముద్ర. ఉభయకుశలోపరి అయ్యాక పిరమిడ్లకు ఒక్క వాక్యం దక్కింది: పెద్ద రాతిగుట్టలు చూశాడట. మోటారు నేర్పుతున్నారని మూడు వాక్యాలు, అందులో గర్వం కనిపిస్తూనే ఉంది. అంతకు ముందు ఆయన తోలింది ఎడ్లబండి మాత్రమే. అన్నం కొన్ని పూటలే పెడుతున్నారని, మిగతా పూటలు చపాతీ అని ఒక ఫిర్యాదు. ఆ తర్వాత మొదలవుతుంది అసలు ఉత్తరం. కౌలు డబ్బు ముట్టిందా? తాకట్టులో ఉన్న అమ్మ మురుగులు విడిపించారా? గేదె ఈనిందా, పెయ్యా దున్నా? చెల్లెలి సంబంధం వాళ్ళు కట్నం ఎంత అడుగుతున్నారు? విశాఖపట్నం మీద బాంబులు పడ్డాయని ఇక్కడ అంటున్నారు, మీరు ఎక్కడ ఉన్నారు? రంగూన్‌లో ఉన్న మామయ్య వచ్చాడా?

చివరి రెండు ప్రశ్నల దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. ఆ నెలలోనే మద్రాసు నగరం సగం ఖాళీ అయ్యేంత భయం పుట్టింది. బాంబులు పడితే తప్పించుకుంటాయని అక్కడి జంతుప్రదర్శనశాలలోని క్రూరమృగాలను కాల్చి చంపారు. బర్మా మీదికి జపాన్ వచ్చి పడ్డాక రంగూన్‌లోని మన కూలీలు కొండలు, అడవులు దాటి నడిచి వచ్చారు, దారిలో పోయిన వాళ్ళు పోయారు. అంటే యుద్ధానికి పోయిన కొడుకు ఎడారిలో క్షేమంగా మోటారు నేర్చుకుంటున్నాడు, యుద్ధం వచ్చి ఇంటి మీద పడింది. తల్లి కొడుకు కోసం బెంగపడాల్సిన చోట కొడుకే తల్లి కోసం బెంగపడుతున్నాడు. ఏ పాఠ్యపుస్తకంలోనూ నాకు ఈ సంగతి ఇంత సూటిగా కనిపించలేదు.

ఇంకొకటి గమనించండి. ఆ ఉత్తరాలన్నీ తండ్రి పేరనో అన్నగారి పేరనో ఉన్నాయి. పెళ్ళాం పేరన ఒక్కటీ లేదు. చదువు రానివాళ్ళే ఎక్కువ ఉన్న రోజుల్లో ఉత్తరం గుట్టుగా సాగే వ్యవహారం కాదు. శిబిరంలో అక్షరం వచ్చిన తోటి సిపాయి రాసిపెట్టాలి, ఊళ్ళో బడిపంతులో కరణమో అరుగు మీద కూర్చుని చదవాలి, చుట్టూ పదిమంది చేరి వినాలి. తలుపు వెనక నిలబడి వినే భార్యకు ఏం చెప్పాలన్నా అందరి చెవులూ దాటించి చెప్పాలి. మా మిత్రుడి తాతగారు దానికి ఒక ఉపాయం పట్టారు. ప్రతి ఉత్తరంలోనూ పెరట్లోని జామచెట్టు కాసిందా అని అడిగేవారు. ఆ ఇంటి పెరట్లో జామచెట్టే లేదని బామ్మగారు ముసలితనంలో మనవడికి చెప్పి నవ్వేదట.

నా వాదనకు ఎదురుగా చరిత్రకారులు చెప్పే మాట ఉంది. సెన్సారు కన్ను ఉందని తెలిసి రాసిన ఉత్తరంలో నిజం ఎంత? పైగా రాసింది ఇంకొకరి చెయ్యి. న్యాయమైన ప్రశ్నే, సైన్యం గురించిన నిజాలు వెతికేవాళ్ళకు. సెన్సారుకు కావలసింది దళం పేరు, స్థలం, సైనికుడి మనసు ఎటు మొగ్గుతోందన్న సంగతి. గేదె ఈనిందో లేదో ఏ కెప్టెనుకు కావాలి? మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్‌లో భారతీయుల ఉత్తరాలు చూసిన ప్రధాన సెన్సారు అధికారి హోవెల్, సైనికులు ఉత్తరాల్లో కవిత్వం ఎత్తుకుంటే మనసు కలతపడుతోందనడానికి గుర్తుగా రాసుకున్నాడు. కవిత్వం కనిపిస్తే ఉలిక్కిపడ్డ ఆ కళ్ళు తాకట్టు వడ్డీని మాత్రం చూసీ చూడనట్టు వదిలేశాయి. అబద్ధం ఆడాల్సిన పని లేని చోటే మనిషి నిజం రాస్తాడు.

ఆ వడ్డీ లెక్కల్లోనే ఉంది అసలు సరుకు. మొదటి ప్రపంచ యుద్ధం నాటికి సిపాయి నెల జీతం 11 రూపాయలు. రెండో యుద్ధం నాటికి అది కాస్త పెరిగింది. జీతంలో కొంత భాగం నేరుగా ఇంటికి చేరేట్టు రాసివ్వవచ్చు. రైతు ఇంట్లో పంట చేతికి వస్తేనే డబ్బు కనిపించే కాలంలో, నెల తిరిగేసరికి మనియార్డరు రావడం అన్నది ఇంటి నడకనే మార్చేసింది. అప్పులాయన గుమ్మం ముందు గొంతు తగ్గించాడు. కూతురి పెళ్ళి పంట మీద కాక, కొడుకు జీతం మీద నిర్ణయమైంది. మనియార్డరు ఫారం అడుగున కబురు రాసుకోవడానికి చిన్న కూపను ఉండేది. నాలుగు మాటలు పట్టే ఆ చోటులో ఈ డబ్బు దేనికి ఖర్చు పెట్టాలో, ఎవరి చేతికి ఇవ్వకూడదో ఆజ్ఞలు వచ్చేవి. మన ఊళ్ళల్లో నెలజీతం సంసారం ఎప్పుడు, ఎలా మొదలైందో ఆర్థికవేత్తలు గణాంకాల్లో వెతుకుతుంటారు. ఆ కూపన్లు వరుసగా పేర్చి చదివితే చాలు. అప్పు ఏ నెలలో తీరిందో కూడా తెలుస్తుంది.

ఈ సాక్ష్యం ఎక్కడ ఉందన్నదే చిక్కు. సెన్సారు అధికారులు ఇంగ్లీషులోకి మార్చి ఎత్తిరాసుకున్న ముక్కలు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో భద్రంగా ఉన్నాయి, పరిశోధకులు వాటి మీదే ఆధారపడతారు. మొదటి యుద్ధం నాటి ముక్కల్లో పంజాబు గొంతే ఎక్కువ, మన గొంతు దాదాపు వినపడదు. కారణం ఉంది. 1881 నుంచి 1885 దాకా మద్రాసు సైన్యానికి అధిపతిగా ఉన్న రాబర్ట్స్ దక్షిణాది వాళ్ళు పోరాటానికి పనికిరారని తేల్చాడు. యుద్ధజాతులు, కానిజాతులు అన్న ఆ పిచ్చి లెక్క మన పటాలాలను ఒక్కొక్కటిగా మింగింది. మద్రాసు రెజిమెంటు 1920లలో రద్దయింది. మళ్ళీ యుద్ధం వచ్చి మనుషులు కావలసి వచ్చాక 1941లో దాన్ని తిరిగి లేపారు. పశ్చిమ గోదావరి జిల్లాలోని మిలిటరీ మాధవరం వంటి ఊళ్ళు రెండు యుద్ధాలకూ మనుషులను పంపాయి. సైన్యంలో చేర్చుకునేటప్పుడు సంతకాలు అయితే అడిగి తీసుకున్నారు గానీ, చనిపోయాక పేర్లు రాయడానికి వచ్చేసరికి బద్ధకించారు: కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ 2021లో తానే ఒప్పుకున్నదాని ప్రకారం మొదటి యుద్ధంలో చనిపోయిన ఆసియా, ఆఫ్రికా వాళ్ళలో కనీసం 1,16,000 మందిని పేరుతో స్మరించలేదు, బహుశా అసలే స్మరించలేదు. రాతి మీద లేని పేరు రేకు పెట్టెలోని కాగితం మీద ఉంది. అసలు ఉత్తరం వచ్చింది మన ఇంటికే.

మరి మన ఇంట్లో దాన్ని ఎవరు చదువుతున్నారు? ఎవరికి కోపం వచ్చినా సరే, చెప్పాల్సిందే. ఆ రాత గొలుసుకట్టు. అక్షరానికీ అక్షరానికీ మధ్య చెయ్యి ఎత్తకుండా, మాటల మధ్య ఎడం లేకుండా సాగిపోయే పాత రాత. మా మిత్రుడు తెలుగు పత్రిక రోజూ చదువుతాడు, తాత ఉత్తరంలో రెండు పంక్తులు దాటలేకపోయాడు. ఆ మిత్రుడి కొడుకు ఇంట్లో తెలుగు మాట్లాడతాడు, కన్నడ చక్కగా చదువుతాడు, తెలుగులో తన పేరు రాయలేడు. హలసూరులోనే కాదు, చెన్నైలోనూ తెలుగిళ్ళ కథ ఇంతే.

దీనికి మనం వెంటనే చట్టాల మీద పడతాం. తమిళనాడులో 2006 నాటి తమిళ బోధన చట్టం, కర్ణాటకలో 2015 నాటి కన్నడ బోధన చట్టం వచ్చాయి కాబట్టి తెలుగు పోయిందని సభల్లో వాపోతాం. ఆ చట్టాల్లో భాషా అల్పసంఖ్యాకులకు ఇబ్బందులు ఉన్న మాట వాస్తవం, చెన్నైలో తెలుగువాళ్ళు కోర్టుకెక్కి మరీ వెసులుబాటు తెచ్చుకున్నారు. అయితే ఉంటున్న చోటి భాష పిల్లలకు నేర్పడం తప్పెలా అవుతుంది? ఆ కుర్రాడికి కన్నడ రావడం వల్ల తెలుగు పోలేదు. ఇంట్లో సాయంత్రం పావుగంట కూర్చోబెట్టి దిద్దించే మనిషి లేక పోయింది. ఏ చట్టమూ ఆ పావుగంటను ఆపలేదు. ఇంగ్లీషు ట్యూషన్‌కు ఫీజు కట్టగలిగిన వాళ్ళం, అబాకస్‌కు కట్టగలిగిన వాళ్ళం, తెలుగు దగ్గరికి వచ్చేసరికి ప్రభుత్వం పట్టించుకోవడం లేదంటాం.

రెండు నగరాల్లోనూ తెలుగు సంఘాలకు కొదవ లేదు. ఉగాదికి కవి సమ్మేళనం, సన్మానం, శాలువా, పులిహోర పొట్లం. నేనూ శాలువా కప్పించుకున్నవాణ్నే, కాదనను. ఈసారి ఆ డబ్బులో కొంత పక్కన పెట్టి, సైన్యంలో పనిచేసిన కుటుంబాల ఇళ్ళకు వెళ్ళి పెట్టెలు తెరిపించమని నా కోరిక. కాగితాలను ఫొటో తీయడం ఏ కుర్రాడైనా ఫోనుతో చేస్తాడు. గొలుసుకట్టు చదవగలిగిన పాత గుమాస్తాలు, రిజిస్ట్రారు ఆఫీసుల్లో దస్తావేజులు రాసిన లేఖరులు ఇంకా అక్కడక్కడా ఉన్నారు. వాళ్ళ చేత పైకి చదివించి ఆ గొంతును రికార్డు చేయాలి. పక్కన ఒక పిల్లవాణ్ని కూర్చోబెట్టి మామూలు అచ్చు అక్షరాల్లోకి ఎత్తి రాయించాలి. మనియార్డరు కూపన్లను విడిగా పెట్టాలి, జామచెట్ల సంగతి మాత్రం ఆ ఇంటి వాళ్ళను అడిగాకే బయట పెట్టాలి. వచ్చే ఉగాది సభలో సన్మానం ఎవరికి చేయాలో తేలకపోతే, ఆ చదివిన లేఖరికి చేయండి.