మొదటి అంతస్తు నుంచి కిందికి, వయా బొంబాయి

శ్రీయుత గౌరవనీయులైన ట్యాబు గారి దివ్యసముఖానికి,
త్రూ ప్రాపర్ ఛానెల్: క్లౌడు గారు, బొంబాయి

విషయం: మా అమ్మ షుగరు రిపోర్టు మెట్లు దిగకపోవుట గురించి.

అయ్యా,

నిన్న రాత్రి తమరి దగ్గర నుంచి మెసేజ్ వచ్చింది. 'మా సేవలు మీకు ఎలా అనిపించాయి? నక్షత్రాలు ఇవ్వండి' అన్నారు. అభిప్రాయం రాసుకోమని ఒక చిన్న గడి కూడా దయచేశారు. రాయడం మొదలుపెట్టాను. రెండో వాక్యం సగంలో ఉండగానే గడి నిండిపోయిందన్నారు. నేను తెలుగు మేష్టర్ని. వాక్యాన్ని సగంలో వదిలేసే అలవాటు లేదు. అందుకని మిగతాది ఇక్కడ విన్నవించుకుంటున్నాను.

పొగతోట ఆసుపత్రుల గురించి నెల్లూరోళ్ళకి నేను కొత్తగా చెప్పేదేముంది. బండి పెట్టుకోను చోటు దొరికితే సగం జబ్బు నయమైనట్టే. అమ్మ పొద్దున్నే పరగడుపున రక్తం ఇచ్చింది. బయట ఇడ్లీ తిని, రెండు గంటలు ఆగి మళ్ళీ ఇచ్చింది. ల్యాబు మొదటి అంతస్తులో, డాక్టరు గారి గది కింద. మధ్యలో ఒక్క మెట్ల వరస, మలుపులో ఒక మంచినీళ్ళ క్యాను. 'అయిపోయిందండీ, అప్‌లోడ్ కొట్టేశా. సారు ట్యాబులో కనపడుతుంది, కిందికి పోండి' అంది ల్యాబులో అమ్మాయి. పోయాం.

కింద తమరి దర్శనమైంది. నల్ల కవరు. ఒక మూల చిరిగితే దానికి ఆసుపత్రి ప్లాస్టరే అంటించారు. తెర మీద శానిటైజరు మరకలు. మధ్యలో నీలం చక్రం తిరుగుతోంది. డాక్టరు గారు చూపుడు వేలితో తెరను కిందికి లాగి వదిలారు. చక్రం ఆగినట్టే ఆగి, మళ్ళీ అందుకుంది. ఆయన మళ్ళీ లాగారు. బయట వరండాలో జనం పెరిగారు. ఆయన లాగుతూనే ఉన్నారు.

"ఏంది నాయనా, అది అట్ట తిరగతా ఉంది?" అంది అమ్మ.

"నీ రిపోర్టు వస్తా ఉందిమా."

"యాడ్నించి?"

రిసెప్షన్ కుర్రాడు అందుకున్నాడు. "సర్వరు బాంబేలో ఉంటదమ్మా. అక్కణ్నుంచి రావాల."

"బొంబాయికి నేనెప్పుడు బోయినా?"

ఆ ప్రశ్నకి ఆ గదిలో ఎవరి దగ్గరా జవాబు లేదు. అందుకే తమరిని అడుగుతున్నాను. నెల్లూరోళ్ళం, పెద్ద జబ్బు చేస్తే మద్రాసు పోవడం తాతల నాటి నుంచి ఎరుగుదుం. బొంబాయి పోయింది మాత్రం మా ఇంట్లో ఈ రిపోర్టు ఒక్కటే. అది కూడా పోలేదని తరవాత తెలిసింది.

నేనే పైకి పోయి తెస్తానన్నాను. మెట్లెక్కాను. ల్యాబు మిషను మీద అంకె స్పష్టంగా కనపడుతోంది. అది మూడు నెలల సరాసరి షుగరు చెప్పే పరీక్ష. సంక్రాంతి అరిసెల దగ్గర నుంచి ఈ వారం మామిడిపండు దాకా మా అమ్మ నా వెనకాల తిన్నదంతా కాస్త రక్తంలో చదివేసింది ఆ మిషను. ఇంత చదివిన మిషనుకి తమరు కింది అంతస్తుకి దారి చూపించలేకపోయారు. కాగితం మీద ఇవ్వమ్మా అంటే, 'ప్రింట్లు ఆపేశాం సార్, పేపర్‌లెస్ అయిపోయాం' అంది ఆ అమ్మాయి. నా జేబులో పెన్నుంది, కాగితం లేదు. ఇన్విజిలేషన్ డ్యూటీల్లో అరచేతి మీద రాసుకొచ్చిన పిల్లకాయల్ని ఎంతమందిని పట్టుకున్నానో. ఆ మధ్యాహ్నం నేనే అరచేతి మీద రాసుకొని మెట్లు దిగాను.

డాక్టరు గారు మంచాయన. నా చెయ్యి పట్టుకొని చూశారు. "కొంచెం పెరిగింది. ఒక మాత్ర మార్చాలి" అన్నారు. మార్చండి సార్ అన్నాను. ఆయన తమరి వంక చూశారు. "రిపోర్టు ఓపెన్ అయితేగానీ ఇది మందు రాసే పేజీలోకి పోనివ్వదండీ" అన్నారు.

అంటే, జబ్బు మనిషి ఎదురుగా ఉంది. జబ్బు ఎంతో తెలిసిన డాక్టరు కుర్చీలో ఉన్నాడు. ఏ మాత్ర రాయాలో ఆయన నోట్లోనే ఉంది. ఆ మాత్ర పక్క గదిలో మందుల కొట్టు అరలో ఉంది. అక్కడ కౌంటరు మీద కూడా తమరి తమ్ముడే కూర్చున్నాడు, వాడికి తమరు చెప్తేగానీ అర తెరవడు. ఇంతమందిమీ కలిసి ఆ చక్రం కేసి చూస్తూ కూర్చున్నాం. ఎం.డి. చదివిన మనిషిని, తెర మీద వేలితో లాగి వదిలే పనికి పెట్టారు తమరు.

ఇంతకీ అడ్డం పడింది బొంబాయి కాదు. ఇక్కడికీ అక్కడికీ వెయ్యి కిలోమీటర్లకు అటూ ఇటూ. గాజు తీగలో వెలుతురు సెకనుకి దాదాపు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. పోయి రావడానికి రెప్ప కొట్టినంత సేపు కూడా పట్టదు. అడ్డం పడింది ఆసుపత్రి వీధి చివర జేసీబీ. కాలవ తవ్వుతూ కేబులు తెంపేశాడు. ల్యాబులో అమ్మాయి అప్‌లోడ్ కొట్టిన మాట నిజమే, అది గడప దాటలేదు. ల్యాబు కంప్యూటరూ, డాక్టరు గారి ట్యాబూ ఒకే వైఫై పెట్టె కింద బతుకుతున్నాయి. ఆ పెట్టె మెట్ల మలుపులో గోడకే ఉంది, మంచినీళ్ళ క్యాను పైన. ఇద్దరూ దానితో మాట్లాడగలరు. ఒకరితో ఒకరు మాత్రం మాట్లాడుకోరు. బొంబాయి పెద్దలు మధ్యలో ఉండాలి.

రిసెప్షన్ కుర్రాడు పాపం తన ఫోను హాట్‌స్పాట్ ఇచ్చాడు. నెట్‌వర్కు మారిందని తమరు అలిగి మళ్ళీ లాగిన్ అడిగారు. ఓటీపీ మేనేజరు ఫోనుకి పోయింది. మేనేజరు భోజనానికి పోయాడు.

నక్షత్రాల సంగతికి ముందు, బడిలో మన పాత పరిచయం కూడా ఒకసారి తలుచుకోవాలి. 2011 అక్టోబరులో ఢిల్లీలో అప్పటి కేంద్ర మంత్రి కపిల్ సిబల్ గారు ఆకాశ్ ట్యాబు విడుదల చేశారు. చవక ట్యాబు వచ్చేసింది, ఇక సుద్దముక్కలతో పని లేదని స్టాఫ్ రూములో సంబరపడ్డాం. సుద్దముక్కలు ఇప్పటికీ కొంటున్నాం. 2022లో టీచర్ల ముఖం చూసి హాజరు వేసే యాప్ వచ్చింది. తిరుమల పోయి గుండుతో తిరిగొచ్చిన మా లెక్కల సారు, వెంట్రుకలు మొలిచేదాకా తానే తానని తమరి ముందు నిరూపించుకుంటూ వరండాలో నిలబడ్డాడు. పక్క జిల్లాలో మార్కాపురం పలకలు చేసేవాళ్ళు ఎప్పుడైనా తమరిని తలుచుకుంటారో లేదో. పలక తడిగుడ్డతో తుడిస్తే తుడుచుకుపోతుంది, కింద పడితే పగిలిందని ఒప్పుకుంటుంది. 'కాసేపాగి మళ్ళీ ప్రయత్నించండి' అని ఏ పలకా అనగా నేను వినలేదు.

విడవలూరు కాడ మా బావమరిదికి రొయ్యల గుంటలున్నాయి. నీళ్ళలో ఆక్సిజన్ తగ్గితే ఫోనుకి కబురు చెప్పే మిషను పెట్టించాడు. పగలు ఎండకి ఆక్సిజన్ ఇచ్చే పాచి, రాత్రి అదే ఆక్సిజన్ పీల్చుకుంటుంది. అందుకే తెల్లవారుజామున బాగా పడిపోతుంది. తమరి హెచ్చరిక టిఫిన్ల వేళకి చేరింది. ఈలోపే గుంట కాపలా మనిషి రొయ్యలు పైకి తేలడం చూసి, నీళ్ళలోకి గాలి కలిపే ఏరియేటర్లు వేసేశాడు. ఆయనకి చార్జింగు అక్కర్లేదు, రెండు బీడీలుంటే చాలు.

సరే, ఇవన్నీ పోనివ్వండి. పెద్దవాళ్ళకి కూడా కష్టాలొస్తాయి. 2025 అక్టోబరు 20న అమెరికాలో వర్జీనియా దగ్గర అమెజాన్ క్లౌడ్‌లో చిరునామాలు చెప్పే పద్ధతి ఒకటి చెడిపోయి, ప్రపంచం మీద ఎన్నో యాప్‌లు ఆగిపోయాయి. దాన్ని నేను తప్పు పట్టను. అంత పెద్ద దుకాణంలో ఎప్పుడో ఒకప్పుడు కరెంటు పోకుండా ఉండదు. నా బాధ అది కాదు.

నా బాధేమిటంటే, ఇది కొత్తగా కనిపెట్టాల్సిన విద్య కాదు. 2022 డిసెంబరులో ప్రభుత్వ బడుల్లో ఎనిమిదో తరగతి పిల్లకాయలకి ట్యాబులిచ్చినప్పుడు, నెట్ లేకపోయినా నడిచేట్టు పాఠాలు అందులోనే వేసి ఇచ్చారు. అంతకు ముందే, 2016లో, ఊళ్ళల్లో తిరిగే ఆరోగ్య కార్యకర్తలైన ఏఎన్ఎమ్‌ల కోసం అన్మోల్ అనే యాప్ మన రాష్ట్రంలోనే మొదలైంది. ఉదయగిరి కొండల పక్క సిగ్నల్ లేని ఊళ్ళో ఏఎన్ఎమ్ బాలింత వివరాలు ట్యాబులో ఎక్కిస్తే, అవి దాని కడుపులో భద్రంగా ఉంటాయి. సిగ్నల్ ఉన్న చోటికి రాగానే పైకి పోతాయి. ఎండలో నడిచి తిరిగే ఆ అమ్మాయికి ఉన్న వసతి, పొగతోటలో ఏసీ గదిలో కూర్చున్న డాక్టరుకి లేదు. ఒక కాపీ ఇంట్లో పెట్టుకొని, ఇంకోటి బొంబాయి పంపండి. అంతే కదా అడిగేది? కానీ 'అంతా క్లౌడ్‌లోనే సార్' అని చెప్పుకోవడంలో ఉన్న షోకు, మెట్ల కింద ఒక చిన్న కంప్యూటరు పెట్టుకోవడంలో ఎక్కడుంది!

తమరి మీద నాకు పగ లేదని కూడా చెప్పాలి. 2021 నవంబరులో పెన్న పొంగి కోవూరు మీద పడ్డప్పుడు, మా ఇనప్పెట్టెలో అమ్మ ఫైలు మొత్తం నానిపోయింది. మద్రాసులో తీయించిన స్కాను రిపోర్టులు విడదీస్తుంటే ముద్దలు ముద్దలుగా చేతికొచ్చాయి. అమ్మ ఏడ్చింది. గుండె ఆపరేషన్ కాగితాలవి, వాటిని సొమ్ముల కన్నా జాగ్రత్తగా దాచుకుంది. ఆర్నెల్ల తరవాత మద్రాసు పోతే, ఆ ఆసుపత్రి డాక్టరు తమరి అన్నగారెవరినో ఒళ్ళో పెట్టుకొని, పేరూ పుట్టిన తేదీ కొట్టి, పాత స్కాను తెర మీద ఆడించి చూపించాడు. ఇంటికొచ్చి ఆ రాత్రి అమ్మ, 'ఏట్లో పోయింది అనుకున్నా, యాడో దాచిపెట్టుండారే మహానుభావులు' అని పదిసార్లు అనింది. ఎక్కడెక్కడో వేరు వేరు చోట్ల కాపీలు దాచిపెట్టే తమరి గుణం ఆ రోజే నాకు అర్థమైంది. ఆ రుణం నేను మర్చిపోలేదు.

అందుకే కడుపు మండుతోంది. పెన్న వరదకి చిక్కకుండా నా తల్లి గుండె బొమ్మని ఏళ్ళ తరబడి కాపాడగలిగిన నీకు, ఒక్క అంకెని ఒక్క అంతస్తు దించడం చేతకాలేదా? డెబ్బై ఏళ్ళ మనిషి. పొద్దుట తిన్న ఇడ్లీ తప్ప కడుపులో ఏమీ లేదు. మాత్ర మారితే భోజనానికి ముందు వేసుకోవాలో తరవాత వేసుకోవాలో తెలీక, అన్నం డబ్బా మూత తియ్యకుండా ఒళ్ళో పెట్టుకొని కూర్చుంది. ఎదురు బల్ల మీద ఇంకో ముసలాయన చేతికి దూది ఒత్తుకొని నిద్రపోయాడు. నువ్వేమో 'మీ ఆరోగ్యమే మా ఊపిరి' అని తెర కింద అక్షరాలు దొర్లిస్తున్నావు. అవి మాత్రం ఎక్కడా ఆగలేదు. వాటికి బొంబాయి పర్మిషన్ అక్కర్లేదనుకుంటా.

చివరికి డాక్టరు గారే తెగించారు. కాగితం కోసం బల్ల సొరుగులన్నీ లాగారు. పేపర్‌లెస్ ఆసుపత్రి కదా, ఎక్కడిది? మెడికల్ రెప్పు ఇచ్చిపోయిన రంగుల కార్డు ఒకటి దొరికింది. దాని వెనక మాత్ర పేరు రాసి, చుట్టూ చూసి నా చేతిలో పెట్టారు. "మా వాళ్ళకి చూపించబాకండి. బయట కొట్లో తీసుకోండి" అన్నారు. చదువుకున్న డాక్టరు తన సొంత పేషెంటుకి మందు రాసి, దొంగసారా అందించినట్టు అందించాల్సి వచ్చింది. ఆ సిగ్గు ఆయనది కాదు, నాది కాదు. నీది.

వచ్చే నెల మళ్ళీ వస్తున్నాం. పైన ల్యాబు నుంచి కింద డాక్టరు గది దాకా వైరు లాగించి, మధ్యలో ఒక కాపీ దాచుకునే పెట్టె పెట్టమని మీ మేనేజరుకి చెప్పు. నువ్వు చెప్తేనే వింటాడు, మేం చెప్తే ఫీడ్‌బ్యాక్ అంటాడు. వైరుకి బడ్జెట్ లేదంటే మొహమాటపడబాక. ట్రంకు రోడ్డులో నేనే కొనిస్తా. బిల్లు మాత్రం కాగితం మీదే తీసుకుంటా.

ఇట్లు,
కోవూరు నుంచి,
ఒక పేషెంటు కొడుకు