ఫిలిప్పీన్స్‌లో పెళ్లి కాగానే పేరు మార్చాల్సిందేనా? ఆ మెసేజ్ నమ్మకండి

గల్ఫ్‌లో ఉన్న మనవాళ్ల మధ్య ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. ఫిలిప్పీన్స్ అమ్మాయి పెళ్లి చేసుకుంటే 30 రోజుల్లో భర్త ఇంటిపేరు పెట్టుకోవాలట, లేకపోతే పెళ్లి చెల్లదట, పాత పాస్‌పోర్టు రద్దవుతుందట, బర్త్ సర్టిఫికెట్ కూడా మార్చాలట, పాస్‌పోర్టులో మారిస్తే మిగతావన్నీ వాటంతట అవే మారిపోతాయట, ఒకసారి మార్చాక పుట్టింటి పేరు మళ్లీ రాదట. అక్కడి అమ్మాయిల్ని పెళ్లాడిన మన అబ్బాయిలు, వాళ్లతో ఒకే వార్డులో డ్యూటీ చేసే మన నర్సులు మంచి ఉద్దేశంతోనే దీన్ని పంపిస్తున్నారు. కానీ ఇది చదివి ఏ అమ్మాయైనా కంగారుగా పాస్‌పోర్టు మార్చేసుకుంటే ఆ తర్వాత తిప్పలు పడేది ఆమే. అందుకే ఒక్కొక్కటీ చూద్దాం.

పేరు మార్చకపోతే పెళ్లి చెల్లదన్నది పచ్చి అబద్ధం. 1988 నుంచి అమల్లో ఉన్న అక్కడి ఫ్యామిలీ కోడ్ పెళ్లికి ఏమేం కావాలో స్పష్టంగా చెబుతుంది: ఇద్దరికీ అర్హత, ఇద్దరి ఇష్టం, పెళ్లి జరిపించే అధికారం ఉన్న వ్యక్తి, పెళ్లి లైసెన్సు (కొన్ని మినహాయింపులున్నాయి), సాక్షుల ఎదుట ఇద్దరూ ఒప్పుకోవడం. ఇందులో ఇంటిపేరు ప్రస్తావనే లేదు. పేరు సంగతి సివిల్ కోడ్ 370వ ఆర్టికల్‌లో ఉంది, అక్కడా ఇచ్చింది అవకాశమే. అమ్మాయి పేరు మరియా, తల్లి పుట్టింటి పేరు సాంటోస్, తండ్రి ఇంటిపేరు రేయెస్, పెళ్లాడింది క్రూజ్ అనే ఆయన్ని అనుకోండి. ఆమె మరియా రేయెస్ క్రూజ్ అని రాసుకోవచ్చు, అసలేమీ మార్చకుండా మరియా సాంటోస్ రేయెస్‌గానే ఉండిపోవచ్చు. భర్త పేరు వాడటం భార్య హక్కే గానీ బాధ్యత కాదని సుప్రీంకోర్టు 1995లో యాసిన్ కేసులో చెప్పింది, 2010లో రెమో కేసులోనూ అదే మాట చెప్పింది. ఇంతకంటే ఏం కావాలి?

30 రోజుల గడువు కూడా లేదు. పుట్టింటి పేరుతో ఉన్న పాస్‌పోర్టు పెళ్లి రోజున చచ్చిపోదు, దాని మీద రాసి ఉన్న తేదీ దాకా చెల్లుతుంది. గడువు ముగిశాక కూడా అదే పేరుతో రెన్యూ చేసుకోవచ్చు. అసలు జాగ్రత్త పడాల్సింది తొందరపడి మార్చేవాళ్లే. గల్ఫ్‌లో పనిచేసే నర్సునే తీసుకోండి, డిగ్రీ, వాళ్ల ప్రభుత్వ సంస్థ పీఆర్‌సీ ఇచ్చే వృత్తి లైసెన్సు, అనుభవ పత్రాలు, వీసా, అకామా (గల్ఫ్‌లో ఉండటానికిచ్చే పర్మిట్) అన్నీ పాత పేరుతోనే ఉంటాయి, పాస్‌పోర్టు ఒక్కటి కొత్త పేరుకి వెళ్తే ప్రతిచోటా మ్యారేజ్ సర్టిఫికెట్ చూపించి "ఈ ఇద్దరూ నేనే" అని నిరూపించుకుంటూ తిరగాలి. టికెట్ ఒక పేరుతో, పాస్‌పోర్టు ఇంకో పేరుతో ఉంటే ఎయిర్‌పోర్టులోనే ఆగిపోవచ్చు.

బర్త్ సర్టిఫికెట్ మారదు. అది పుట్టుకకి సంబంధించిన రికార్డు, పెళ్లితో దానికి సంబంధం లేదు. పాత పేరుకీ కొత్త పేరుకీ లింకు పీఎస్‌ఏ (పుట్టుక, పెళ్లి రికార్డులు చూసే అక్కడి ప్రభుత్వ సంస్థ) ఇచ్చే మ్యారేజ్ సర్టిఫికెట్టే. బర్త్ సర్టిఫికెట్ మార్పిస్తామని ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి.

ఇక "అన్నీ వాటంతట అవే మారతాయి" అనే మాట. సామాజిక భద్రత చూసే ఎస్‌ఎస్‌ఎస్‌కి వేరే ఫారం, ఆరోగ్య బీమా సంస్థ ఫిల్‌హెల్త్‌కి వేరే, ఇంటి పొదుపు నిధి పాగ్-ఇబిగ్‌కి వేరే, పన్నుల శాఖ బీఐఆర్‌కి 1905 నంబరు ఫారం, డ్రైవింగ్ లైసెన్సుకి రవాణా శాఖ ఎల్‌టీవో, ఓటరు జాబితాకి ఎన్నికల సంఘం కొమెలెక్. ఎవరి దగ్గరికి వాళ్ల దగ్గరికే వెళ్లాలి. ఇక్కడ చాలామంది కలిపేసేది ఇంకొకటుంది: పేరు మార్చకపోవడం వేరు, పెళ్లయిందని చెప్పకపోవడం వేరు. పేరు అలాగే ఉంచుకున్నా ఎస్‌ఎస్‌ఎస్, ఫిల్‌హెల్త్ లాంటి చోట్ల వివాహిత అని నమోదు చేయించాలి, భర్త, పిల్లల వివరాలు ఎక్కించాలి, లేకపోతే రేపు క్లెయిము అవసరమైనప్పుడు ఇబ్బంది.

పుట్టింటి పేరు తిరిగి రాదనేది ఒకప్పుడు చాలావరకు నిజమే. రెమో కేసులో పుట్టింటి పేరు కోసం కోర్టుకెళ్లిన రెమో అనే ఆమె ఓడిపోయింది కూడా అందుకే, ఒకసారి భర్త పేరుతో పాస్‌పోర్టు తీసుకున్నాక పెళ్లి నిలిచి ఉండగా వెనక్కి వెళ్లడానికి 1996 నాటి పాస్‌పోర్టు చట్టం ఒప్పుకోలేదు. ముస్లింలకు తప్ప అక్కడ విడాకుల చట్టమే లేదు, అంటే మొగుడు వదిలేసి వెళ్లిపోయినా పాస్‌పోర్టులో అతని పేరే మోయాల్సి వచ్చేది. ఎంత అన్యాయమో ఆలోచించండి. 2024లో వచ్చిన కొత్త పాస్‌పోర్టు చట్టం, రిపబ్లిక్ యాక్ట్ 11983, పెళ్లి రద్దు కాకపోయినా పుట్టింటి పేరుకి తిరిగి వెళ్లే వీలు కల్పించింది. ఆ మెసేజ్ రాసినవాళ్లు ఇంకా పాత చట్టం దగ్గరే ఆగిపోయారు.

నిజంగా కంగారు పడాల్సింది ఒక్క విషయానికే, పెళ్లి నమోదు. లైసెన్సుతో జరిగిన పెళ్లి కాగితాల్ని జరిపించినవాళ్లు 15 రోజుల్లో స్థానిక సివిల్ రిజిస్ట్రార్‌కి పంపాలి, అక్కడి నుంచి పీఎస్‌ఏకి చేరాలి, పంపారో లేదో మీరే అడిగి తెలుసుకోండి. పెళ్లి దుబాయ్‌లోనో హైదరాబాద్‌లోనో జరిగితే ఆ దేశంలోని ఫిలిప్పీన్స్ ఎంబసీలోనో కాన్సులేట్‌లోనో రిపోర్ట్ ఆఫ్ మ్యారేజ్ (పెళ్లి జరిగిందని తెలిపే నివేదిక) దాఖలు చేయాలి. అది లేకుండా పీఎస్‌ఏ సర్టిఫికెట్ రాదు, అది రాకపోతే పేరు మార్చాలన్నా పని ముందుకు కదలదు.