సవరణ: షో పిల్లికి స్నానం ఎప్పుడు?

పిల్లుల పోటీకి (క్యాట్ షోకి) ముందు రోజు రాత్రి పిల్లికి స్నానం చేయించమని పోయిన పోస్టులో రాశాం. అది పర్షియన్ లాంటి పొడవు బొచ్చు పిల్లులకే సరిపోతుంది. పొట్టి బొచ్చువాటికి 3-4 రోజుల ముందే కానిచ్చేయాలి. షాంపూతో పోయిన జిడ్డు మళ్లీ ఊరితే తప్ప బొచ్చు ఒంటికి అణిగి ఉండదు, దూదిలా లేచి నిలబడుతుంది.

బొచ్చులో చిక్కులు స్నానం తర్వాత తీయమని అదే పోస్టులో రాయడం ఇంకా పెద్ద తప్పు. తడిస్తే చిక్కుపడిన బొచ్చు ఉండ ఇంకా బిగుసుకుపోతుంది. ఒళ్లు పొడిగా ఉండగానే చంకల్లో, చెవుల వెనక, తొడల మధ్య స్టీలు దువ్వెన ఆగకుండా జారాలి. ఆగిందా, లాగొద్దు, ఉండ మొదలు వేళ్లతో పట్టుకుని కొసల నుంచి విడదీయండి.

గోళ్లు కూడా ముందు కాళ్లవే కాదు, నాలుగు కాళ్లవీ కత్తిరించాలి. కొస వంపు వరకే. లోపలి గులాబీ రంగు భాగం తెగితే రక్తమే.