ఆల్ ఇన్‌క్లూజివ్ చేతిపట్టీ గారికి ఒక విన్నపం

మాంటెగో బే, జమైకా

మహారాజశ్రీ చేతిపట్టీ గారి దివ్య సముఖమునకు,

ఉభయకుశలోపరి. తమరు నా ఎడమ మణికట్టు మీదే ఉన్నారు కాబట్టి నా క్షేమం తమకు తెలియనిది కాదు. పెళ్లి కంకణాన్నైనా పదహారు రోజుల పండక్కి విప్పుతారు. తమరిని మాత్రం స్నానానికీ విప్పకూడదు, నిద్రకీ విప్పకూడదు.

గదీ, తిండీ, తాగుడూ అన్నీ ముందే కట్టిన డబ్బులో కలిసిపోయే ఆల్ ఇన్‌క్లూజివ్ రిసార్టు ఇది, ఆ డబ్బు కట్టినట్టు గుర్తే తమరు. ఇక్కడ నా పేరుతో ఎవరికీ పని లేదు. బార్ దగ్గరైనా, తువాళ్లిచ్చే చోటైనా ముందు నా చేతి వంక చూసి, తర్వాతే మొహం చూసి "యా మాన్" అంటారు. తమరిలో మళ్లీ కులాలున్నాయి. నీలం రంగైతే మామూలు గది. బంగారు రంగైతే సముద్రం కనిపించే గది, మంచి రమ్ము. మా పక్క టేబుల్ పెద్దమనిషిది బంగారు రంగు. ఆయన మామిడి ముక్క తీసుకున్నా చెయ్యి నలుగురికీ కనబడేలా ఎత్తి మరీ తీసుకుంటాడు.

డల్లాస్‌లో థాంక్స్‌గివింగ్ డీల్ కనబడగానే మా వాట్సాప్ గ్రూపంతా ఎగబడి బుక్ చేసింది. ఊరికే వస్తే ఫినాయిలైనా తాగుతారంటారు. మేం ఇంకో మెట్టు పైనున్నాం: ముందే డబ్బు కట్టేసి, ఊరికే వచ్చినట్టు తాగుతున్నాం. తినకపోతే నష్టమనే టెన్షన్‌తో ప్లేటు నింపని పూట లేదు. బయట కాలు పెట్టి ఒక్క కొబ్బరి బోండాం తాగినా, అదేదో డబుల్ పేమెంట్ చేసినట్టు మనసు పీకుతుంది. తమరి గొప్పతనమంతా అక్కడే ఉంది. గేటుకు తాళం వేయనక్కర్లేదు, మేమే బయటికి పోం.

తమరి వంశం ఇక్కడిదే అనుకోవచ్చు. 1981లో బుచ్ స్టూవర్ట్ అనే జమైకా వ్యాపారి ఈ ఊళ్లోనే ఒక పాత హోటల్‌తో శాండల్స్ అనే రిసార్టుల సంస్థ మొదలుపెట్టాడు. ఆ తర్వాత అన్నీ ఒకే బిల్లులో పెట్టే పద్ధతి కరీబియన్ దీవుల్లో బాగా పాకింది. నేను దిగింది అందులో కాదు లెండి.

అసలు నా విన్నపం సముద్రం గురించి. మా ఇసుక ఎక్కడ అయిపోతుందో అక్కడ నీళ్లలోకి ఒక తాడు కట్టారు. తాడుకి అటు పక్క మోకాలి లోతు నీళ్లలో ఒకావిడ నిలబడి పూసల గాజులు అమ్ముతోంది. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ పూసలు, నల్ల దారం. ఒక్కో అల వచ్చినప్పుడల్లా గుడ్డ సంచీని నెత్తి మీదికి ఎత్తుకుంటుంది. కాస్త ఇటు జరిగితే చాలు, గార్డు ఈల వేస్తాడు. ఆవిడ పుట్టి పెరిగిన తీరం ఇది. ఇటు రావడానికి ఆవిడ చేతికి తమరు లేరు, నిన్న దిగిన నాకున్నారు.

ఇదంతా చట్టబద్ధమే, అదే వింత. 1956 నాటి బీచ్ కంట్రోల్ యాక్ట్ ప్రకారం తీరం మీదా, సముద్రపు అడుగు మీదా హక్కులు కిరీటానివి, అంటే ప్రభుత్వానివి. హోటళ్లు లైసెన్సు తెచ్చుకుంటాయి. మామూలు జనానికి ఒడ్డున తిరిగే హక్కంటూ ఆ చట్టం ఇవ్వలేదు. 1962లో దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది కానీ చట్టం ఇంకా పోలేదు. జనం కోర్టుల చుట్టూ తిరుగుతున్నారు.

చుట్టుపక్కల చూడాల్సినవంటూ టూర్ డెస్క్ వాళ్లు బస్సెక్కించారు. డన్స్ రివర్ జలపాతం నిజంగా బాగుంది. చేతులు పట్టుకుని వరసగా ఎక్కాలి, కాలు జారితే వెనకాల గొలుసంతా జారుతుంది. రోజ్ హాల్ బంగళాలో మాత్రం ఆనీ పామర్ అనే తెల్ల మంత్రగత్తె మొగుళ్లను చంపిన కథ గంటసేపు చెప్పారు. చరిత్రకారులు కట్టుకథ అని ఏనాడో తేల్చేశారు. ఇదే ప్రాంతంలో 1831 క్రిస్మస్ రోజుల్లో వేలాది మంది బానిసలు తిరగబడ్డారు. వాళ్ల నాయకుడు శామ్ షార్ప్‌ని 1832 మేలో ఈ మాంటెగో బేలోనే ఉరి తీశారు. ఊరి మధ్య ఆయన పేరుతో కూడలి ఉంది, మా బస్సు అక్కడ ఆగలేదు. దయ్యానికి టికెట్ ఉంది, షార్ప్‌కి లేదు.

ఇక భోజనం. బఫేలో మేక కూర చూడగానే ప్రాణం లేచొచ్చింది. ఆ కూర ఇక్కడికి వచ్చింది మనవాళ్లతోనే. 1845 మేలో ఒక ఓడ మొదటి విడత భారతీయ కూలీలను ఓల్డ్ హార్బర్ బేలో దింపింది. పర్మిట్ లేకుండా చెరకు తోట దాటితే వాళ్లకు జరిమానా, లేదా జైలు. వాళ్లను తోటలో ఉంచడానికి జైలు కావాల్సొచ్చింది, నన్ను రిసార్టులో ఉంచడానికి బఫే సరిపోయింది. అంత చరిత్ర ఉన్న కూరని మా మొహాలు చూసి పత్యం కూరలా వండారు. ఇక్కడి స్కాచ్ బానెట్ మిరపకాయ ఘాటు స్కోవిల్ లెక్కలో లక్షకు పైమాటే, మన గుంటూరు సన్నం అందులో సగం కూడా ఉండదు. ఆ కాయ తమరి గేటు దాటి లోపలికి రాదు.

గేటు బయట రోడ్డు మలుపులో నూనె డ్రమ్ముని నిలువునా కోసి పొయ్యి చేసిన జర్క్ చికెన్ (ఘాటు మసాలా పట్టించి పొగ మీద కాల్చే కోడి) కొట్టు ఉంది. పిమెంటో అనే మసాలా చెట్టు కర్రల పొగ సాయంత్రం మా బాల్కనీ దాకా వస్తోంది. కత్తితో టకటకా ముక్కలు కొట్టే చప్పుడు కూడా వినబడుతోంది. అందుచేత రేపు మధ్యాహ్నం బఫేలో నా కుర్చీ ఖాళీగా ఉంటే కంగారు పడకండి. తమరిని పొడుగు చేతుల చొక్కా కింద దాచి అక్కడికి తీసుకెళ్తున్నాను. డబ్బులు నేనిస్తాను, తమరికి అలవాటు లేదు కదా.

ఇట్లు,
తమకు కట్టుబడిన
గది నంబరు వాడు