పని పూర్తయితే లైసెన్సు పీకేస్తారా?

బెంగళూరు మారతహళ్లి పీజీలో, ఆఫీసు అయ్యాక రాత్రిళ్లు కూర్చుని నేనూ నా రూమ్మేటూ ఒక చిన్న ప్రోగ్రామ్ రాశాం. పాత డీటీపీ ఫాంట్లలో ఉన్న తెలుగును ఫోన్లూ కంప్యూటర్లూ అన్నీ చదవగలిగే యూనికోడ్‌లోకి మారుస్తుంది. ఓపెన్ సోర్స్, అంటే కోడ్ అందరికీ తెరిచే ఉంటుంది; ఎంఐటీ లైసెన్సే, ఎవరైనా వాడుకోవచ్చు. ఓపెన్ సోర్స్ వాళ్లకని ఒక కంపెనీ, కోడ్ రాసుకునే తన ఎడిటర్ సాఫ్ట్‌వేర్ లైసెన్సును ఏడాదిపాటు ఉచితంగా ఇచ్చింది. సంతోషం. రెన్యువల్ అడిగితే మాత్రం, గత మూడు నెలల్లో కమిట్లు, అంటే కోడ్‌లో నమోదైన మార్పులు, లేవని తిరగ్గొట్టారు.

ఎందుకుంటాయండీ? యూనికోడ్‌లో తెలుగు బ్లాకుకు ఉన్నవే 128 స్థానాలు. అవి రోజూ మారవు కదా! సరిగ్గా నడుస్తున్న కోడ్‌ను లైసెన్సు కోసం కెలకాలా? ఖాళీ లైన్లు కలిపి కమిట్ కొట్టేవాడికి దొరుకుతుంది, బగ్ రిపోర్టులకు ఓపిగ్గా జవాబిచ్చేవాడికి దొరకదు.

ఇంకో షరతు మరీ అన్యాయం. ప్రాజెక్టు మీద పైసా రాకూడదట, విరాళమైనా సరే. 1998లో మొదలైన ఓపెన్ సోర్స్ ఇనిషియేటివ్ అనే సంస్థ ఓపెన్ సోర్స్‌కు ఇచ్చిన నిర్వచనమే వ్యాపార వాడకాన్ని అడ్డుకోకూడదంటోంది. అంటే మా కోడ్‌తో ఎవరైనా సంపాదించుకోవచ్చు, మేం సర్వర్ ఖర్చుకు ఐదొందలు తీసుకుంటే తప్పా? కమిట్లు లెక్కపెట్టడం మానేసి, అడిగినవాళ్లకు జవాబు వస్తోందో లేదో చూడండి.