మా అమ్మమ్మ పనిమంతురాలు, అలాగే గుర్తుపెట్టుకోండి

మా అమ్మమ్మ పోయిన దగ్గర్నుంచి ఇంటికొచ్చిన ప్రతి ఒక్కరిదీ ఒకటే మాట. "దేవతలాంటి మనిషి, పిల్లలంటే ప్రాణం." నిజమే, కాదనను. కానీ పెదకార్యం నాటికి ఆ మాట వింటే నాకు కడుపు మండడం మొదలైంది. ఆవిడ బతికుండగా జీతం గురించి నోరెత్తినప్పుడల్లా ఇదే మాట చెప్పి కూర్చోబెట్టేవారు. "నీకు పిల్లలంటే ఇష్టం కదమ్మా, ఇందులో డబ్బుల గొడవేంటి?" అనేవారు. అందుకే ఇది రాస్తున్నాను. ఆవిడ చేసింది పని. ఏళ్ళ తరబడి నేర్చుకుని చేసిన పని.

విశాఖలో జాలారిపేట వైపు ఒక అంగన్వాడీలో అమ్మమ్మ ఆయా. టీచర్ కాదు, ఆయా. ఊడవడం, నీళ్ళు పట్టడం, ఇంటింటికీ వెళ్ళి పిల్లల్ని పోగుచేసి తీసుకురావడం, వండటం, తినిపించడం, ముక్కులూ ముడ్లూ కడగడం. రిజిస్టర్లో ఇంతే ఉంటుంది. రిజిస్టర్లో లేనిది చెప్తాను.

మా పేట ఆడవాళ్ళు చాలామందికి రోజు తెల్లవారకముందే మొదలవుతుంది. హార్బర్లో బోట్లు దిగే వేళకి వేలం దగ్గర ఉండాలి. సరుకు కొని, ఆటోల్లో పూర్ణా మార్కెట్‌కో రైతు బజార్‌కో వీధుల మీదకో వెళ్ళాలి. అంగన్వాడీ తెరిచేది తొమ్మిదింటికి. మరి నాలుగింటి నుంచి తొమ్మిదింటి దాకా చంటిపిల్ల ఎక్కడుండాలి? మా అమ్మమ్మ ఇంట్లో. చీకట్లో తలుపు కొట్టి నిద్రపోతున్న పిల్లని చేతికిచ్చి వెళ్ళిపోయేవారు. నేనూ మా మామయ్య పిల్లలూ ఆ వరసలోనే పడుకుని పెరిగాం. మా కంచంలో ముద్దకీ వాళ్ళ నోటిలో ముద్దకీ ఆవిడ తేడా చూపించలేదు. నాకు చిన్నప్పుడు దాని మీద కోపం కూడా ఉండేది.

ఇక ఆవిడ చూపు గురించి చెప్పాలి. సముద్రంలో వేట నిషేధం ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా. చేపలు గుడ్లు పెట్టే కాలమని బోట్లు కదలవు. ఇళ్ళలో డబ్బు ఆడదు. మే నెల వచ్చేసరికి ఆవిడ కొత్త టీచర్‌తో అనేది, "అమ్మా, ఇప్పుడు తూకం వెయ్యి. ఇప్పుడే తగ్గుతారు." ఏ పిల్ల ఇంట్లో పొయ్యి సరిగా వెలగడం లేదో ఆ పిల్ల గుడ్డు తినే తీరు చూసి కనిపెట్టేది. ఆబగా తినే పిల్ల గురించి ఆవిడకి అంత బెంగ ఉండేది కాదు. సగం కొరికి జేబులో పెట్టుకునే పిల్లాడి గురించే టెన్షన్. వాడు ఇంట్లో చెల్లికి పట్టుకెళ్తున్నాడని అర్థం. అంతే, ఆ సాయంత్రం ఆ ఇంటి గడప తొక్కేది.

భుజానికీ మోచేతికీ మధ్య చుట్టే కొలత పట్టీ ఉంటుంది. ఆరు నెలలు దాటి ఐదేళ్ళు నిండని పిల్లలకి 11.5 సెంటీమీటర్ల లోపు వస్తే తీవ్రమైన పోషకాహార లోపం, వెంటనే ఆసుపత్రికి చూపించాలి. అమ్మమ్మ ముందు చేత్తో పట్టుకుని చూసేది, తర్వాత పట్టీ చుట్టమనేది. చేతి అంచనాని నమ్మి పట్టీ మానెయ్యమని ఎప్పుడూ అనలేదు. దాన్నే నేను పనితనం అంటాను. విరేచనాలు పట్టుకున్న పిల్లకి పొట్ట మీద చర్మం రెండు వేళ్ళతో లాగి వదిలేది. అది మెల్లగా సర్దుకుంటే ఓఆర్ఎస్ తాగిస్తూనే తల్లికి ఫోన్ చేయించి, కేజీహెచ్ పెద్దాసుపత్రి‌కి ఆటో మాట్లాడేది. ఓసారి ఒక గుంట పాట పాడేటప్పుడు అందరి చేతులూ చూసి చప్పట్లు కొడుతోంది గానీ వెనక నుంచి పిలిస్తే తిరగడం లేదని అమ్మమ్మ పట్టుకుంది. ఇంట్లోవాళ్ళు పెంకిది, మాట వినదు అనుకుంటున్నారు. చెవి పరీక్ష చేయిస్తే సరిగా వినపడటం లేదని తేలింది. ఆ పిల్ల ఇప్పుడు డిగ్రీ చదువుతోంది, పదోరోజుకి వచ్చి చాలాసేపు ఏడ్చింది.

ఇవన్నీ ప్రేమ ఉంటే వాటంతట అవే వచ్చేస్తాయా? నాకు మా చెల్లి కొడుకంటే ప్రాణం. వాడికి జ్వరమొస్తే నాకు చేతులు వణుకుతాయి తప్ప ఏం చెయ్యాలో తోచదు.

దేశంలో అంగన్వాడీలు నడిపే ఐసీడీఎస్ పథకం 1975 అక్టోబర్ 2న మొదలైంది. అప్పటి నుంచీ వీళ్ళది ఉద్యోగం కింద లెక్క కాదు, ఇచ్చేది గౌరవ వేతనం. మన రాష్ట్రంలో 2019లో ఆయాకి నెలకి 7,000, టీచర్‌కి 11,500 చేశారు. ఆయాకి రోజుకి 240 కూడా పడలేదు. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు అంగన్వాడీ కార్యకర్తలకీ ఆయాలకీ 1972 గ్రాట్యుటీ (పని మానేటప్పుడు ఏళ్ళ లెక్కన ఇచ్చే సొమ్ము) చట్టం వర్తిస్తుందని తీర్పు చెప్పింది. అయినా అదే గ్రాట్యుటీ కోసం, 26,000 కనీస వేతనం కోసం 2023 డిసెంబర్ 12 నుంచి రాష్ట్రమంతా 42 రోజులు సమ్మె చెయ్యాల్సి వచ్చింది. మధ్యలో ఎస్మా కూడా పెట్టారు, అంటే అత్యవసర సేవల్లో సమ్మెని నిషేధించే చట్టం. పిల్లల్ని చూసే పని అత్యవసర సేవ అని ఆరోజు ప్రభుత్వానికి తెలిసింది. అంత అవసరమైన పనికి ఇచ్చే జీతం అదా?

అమ్మమ్మ జీవీఎంసీ (నగర కార్పొరేషన్) గాంధీ విగ్రహం దగ్గర ఎర్రచీరల మధ్య కూర్చుంది. మోకాళ్ళ నొప్పులతోనే. ఆ రోజుల్లో కూడా తెల్లవారుజామున తలుపు కొట్టినవాళ్ళని వెనక్కి పంపలేదు. "సమ్మె అంటూ మళ్ళీ పిల్లల్ని చూస్తావేటి?" అని పక్కింటి పెద్దమ్మ అడిగితే, "సమ్మె సర్కారు మీద. ఈ గుంటలు నాకేటి చేసీసినారు?" అంది.

పనికి జీతం అడగడం వల్ల ఆవిడ ప్రేమ రవ్వంత కూడా తగ్గలేదు. డాక్టర్ ఫీజు తీసుకుంటే ఆయనకి రోగి మీద దయ లేదని ఎవరూ అనరు. ఆయాకి మాత్రమే ఈ పరీక్ష పెడతారు. అది అన్యాయం.

హుద్‌హుద్ తుఫాను అప్పుడు, 2014 అక్టోబర్ 12 తర్వాత, ఊరంతా చెట్లు కూలి, కరెంటు లేక, నీళ్ళు లేక అల్లాడుతుంటే ఆవిడ ఆ వీధి పిల్లలకి ఇంటి ముందే గంజి కాసి పోసింది. దాని గురించి మా పేటలో అందరూ చెప్తారు. నాకు మాత్రం మామూలు రోజులే ఎక్కువ. తుఫాను రోజున సాయం చేసినవాళ్ళు చాలామంది ఉన్నారు. వర్షం లేని మంగళవారం నాడు చీమిడి ముక్కు పిల్లాడు ముద్ద ఉమ్మేస్తుంటే, విసుక్కోకుండా మళ్ళీ కలిపి పెట్టేవాళ్ళు ఎంతమంది?

ఇప్పుడు నాలుగింటికి తలుపు కొట్టేవాళ్ళకి ఆ ఇల్లు లేదు. ఒకావిడ పిల్లని హార్బర్‌కే తీసుకెళ్తోంది, ఐస్ పెట్టెల పక్కన గోనె పరిచి పడుకోబెడుతోంది. 50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థల్లో క్రెష్, అంటే చంటిపిల్లల్ని చూసుకునే చోటు, ఉండాలని 2017లో చట్టం మార్చారు. చేపలమ్మే ఆడమనిషికి సంస్థ ఎక్కడుంది? కేంద్రానిది పాల్నా అనే పథకం ఉంది, అంగన్వాడీలోనే క్రెష్ నడపడానికి. దాన్ని మా పేటకి తేవాలి, హార్బర్ వేళలకి తగ్గట్టు తెల్లవారుజామునే తెరవాలి. కార్పొరేటర్‌కి ఇచ్చే అర్జీ రాశాను, వేలానికి వెళ్ళే ఆడవాళ్ళ చేత సంతకాలు పెట్టిస్తున్నాను. అందులో ఆయాకి నెల జీతం, గ్రాట్యుటీ ఉండాలని మొదటి పేరాలోనే రాశాను. పేటవాళ్ళు ఎవరైనా సంతకం పెట్టాలంటే నాకు మెసేజ్ చెయ్యండి, నేనే ఇంటికొస్తాను.